పదో మొక్క పాదిరిగారిది

"పొగాకు పరమ నీచమైన మొక్క! అది మెదడును ఎండగడుతుంది, ఊపిరితిత్తులకు మసి పూస్తుంది, కష్టజీవులను సోమరిపోతులను చేస్తుంది. కావున ప్రజల ఆరోగ్యం మీద అపారమైన దయగల ప్రభువులవారు ఇకమీదట ఇంగ్లండు నేలమీద ఒక్క పొగాకు మొక్క కూడా మొలవరాదని ఆజ్ఞాపిస్తున్నారు. అయితే వర్జీనియాలో పండి, ఓడలో వచ్చి, రేవులో సుంకం చెల్లించిన పొగాకుకు ఈ దోషాలేవీ అంటవు!"

గ్లాస్టర్ జిల్లా నెదర్‌కోమ్ చర్చిలో టక్‌వెల్ పాదిరిగారు ఈ రాజశాసనాన్ని కంచుకంఠంతో చదివారు. సుంకం కట్టగానే ఊపిరితిత్తులు ఎలా బాగుపడతాయని ఎవరూ అడగలేదు. అందరూ తలలు దించుకుని కూచున్నారు. ఎందుకంటే చర్చి వెనక కొండవాలు మీద, ఊరంతా కలిసి వేసిన పొగాకు నడుమెత్తు పెరిగి, కిటికీలోంచి స్పష్టంగా కనిపిస్తోంది.

అందరికన్నా ఎక్కువ తల దించుకున్నవాడు గైల్స్ టాండీ. నెదర్‌కోమ్‌లో కానిస్టేబులు పని ఏడాదికొక ఇంటివంతున తిరుగుతుంది. జీతం ఉండదు, ఒక కర్ర మాత్రం ఇస్తారు. ఈ ఏడు వంతు గైల్స్‌ది. రాజుగారి మనుషులు వచ్చినప్పుడు ముందు నిలబడి మొక్కలు పీకించాల్సింది అతనే, పీకించుకోవాల్సిందీ అతనే! ఇన్నాళ్ళూ పరాయివాళ్ళ గొర్రెల వెంట తిరిగి తిరిగి, పొగాకు పుణ్యమా అని ఈమధ్యనే సొంతంగా ఒక పొలంచెక్క కౌలుకు తీసుకున్నాడు. ఈ పంట పోతే కౌలు పోతుంది, మళ్ళీ గొర్రెల వెంట పోవాలి.

శాసనం చదివాక పాదిరిగారు పొగాకు పాపం మీద గంటసేపు ప్రసంగించారు. తరవాత తిన్నగా కొండవాలుకు వెళ్ళి తన మొక్కలు చూసుకున్నారు.

అవును, తన మొక్కలే. ఊళ్ళో పండిన దేనిలోనైనా దశమభాగం పాదిరిగారిది. పదో గోధుమ పన, పదో గుడ్డు, పదో పందిపిల్ల. అలాగే పదో పొగాకు మొక్క. ఆయన పాలేరు జెంకిన్ సాలు వెంట నడిచి, పదో మొక్క పక్కన పచ్చికొమ్మ ఒకటి గుచ్చుతాడు. కొమ్మ ఉన్న మొక్క చర్చిది, దాన్ని ముట్టుకుంటే మహాపాపం. పొగాకు అనే మాట మాత్రం ప్రసంగపీఠం మీద తప్ప ఆయన నోటివెంట వచ్చేది కాదు.

"ఏం గైల్స్, ఈ ఏడు ఆకుకూర బాగా ఏపుగా వచ్చినట్టుందే!" అనేవారు పొలంగట్టున నిలబడి.

"తమ దయ అయ్యగారూ" అనేవాడు గైల్స్.

జులైలో కబురొచ్చింది. సర్ పెరెగ్రిన్ స్లేడ్ అనే కమిషనరుగారు పదిమంది కొడవళ్ళవాళ్ళతో పక్క ఊళ్ళో దిగారట. అక్కడి పొగాకంతా నరికించి, రేపు ఇటే వస్తారట.

గైల్స్ ఇంటికొచ్చి కర్ర మూలకు విసిరేశాడు. "మనపని అయిపోయిందే మార్జరీ! నా మొక్కలు నేనే పీకించాలి."

అతని భార్య మార్జరీ బీరు కాస్తూ, గరిటె ఆపకుండానే అడిగింది. "చర్చి సొత్తు మీద రాజుగారి మనిషి చెయ్యి వెయ్యొచ్చా?"

"వెయ్యకూడదు. బిషప్‌గారు ఊరుకుంటారా?"

"కొమ్మ ఉన్నవి చర్చివేగా?"

"పదింటికొకటి! మిగతా తొమ్మిదీ?"

"ఏమయ్యా, కానిస్టేబులువి, ఆమాత్రం తట్టదూ? అన్నిటికీ కొమ్మలు గుచ్చితే సరి. ఏది తనదో పాదిరిగారికి మాత్రం ఏం తెలుస్తుంది? తన పదో వంతు కాపాడుకోవాలంటే మొత్తం కాపాడాలి. ఆయన సంగతి నాకు తెలుసు, కాపాడి తీరతాడు!"

ఆ మధ్యాహ్నం ఊరంతా కదిలింది. పొద్దు వాలేసరికి చుట్టుపక్కల చెట్లు బోడిగా నిలబడ్డాయి, కొండవాలు మీద మాత్రం ఒక కొత్త అడవి లేచింది.

మర్నాడు కమిషనరుగారు గుర్రం దిగి ఆ అడవిని ఎగాదిగా చూశారు.

"కానిస్టేబుల్! ఏమిటీ కొమ్మలు?"

"చర్చి గుర్తు దొరగారూ. కొమ్మ ఉన్న మొక్క పాదిరిగారిదండి."

"అన్నిటికీ ఉన్నాయేం?"

"మా ఊళ్ళో భక్తి కాస్త ఎక్కువండి."

పాదిరిగారికి కబురెళ్ళింది. ఆయన భోజనం మధ్యలో లేచి, మెడకు తుండుగుడ్డతోనే వచ్చారు. పొలం చూశారు. కొడవళ్ళు చూశారు. తన పదో వంతు ఎక్కడుందా అని వెతుక్కుని, దొరక్క, ముఖం ఎర్రగా చేసుకున్నారు. అంతలో ఆ ఎరుపు మెల్లిగా తగ్గి, ఏదో దైవసందేశం అందినవాడిలా కళ్ళు వెలిగాయి.

"ఔను సర్ పెరెగ్రిన్. ఈ మొక్కలన్నీ నావే!"

"పొగాకు! పాదిరిగారి పొలంలో!"

"తొందరపడకండి. పొగ తాగితే అది పొగాకు. ఇది ఔషధం. మా ఊరి బీదల దగ్గుకు ఈ ఆకు కాచి పట్టు వేస్తాం. ఏం గైల్స్?"

గైల్స్ దగ్గాడు. అతని వెనక ఊరంతా దగ్గింది. కమ్మరి అయితే దగ్గి దగ్గి గట్టుమీద కూలబడ్డాడు, ఎంత లేవమన్నా లేవడే!

"చర్చి సొత్తును లౌకికుల చెయ్యి తాకరాదు" అన్నారు పాదిరిగారు, చెయ్యి ఆకాశానికెత్తి. "మీరు తాకుతానంటే సరే. బిషప్‌గారు పైవారం రాజుగారి సముఖానికి వెళ్తున్నారు. మీ పేరు ఎలా రాయాలో ఒకసారి చెప్పండి, ఆయనకు విన్నవిస్తాను."

కమిషనరుగారు మొక్కలు పీకడానికి వచ్చారు గాని, తన ఉద్యోగం పీకించుకోవడానికి రాలేదు. ఆయన గుర్రమెక్కి, "ఈ ఊళ్ళో పొగాకు లేదు. రోగులు మాత్రం ఎక్కువ" అని గంభీరంగా ప్రకటించి, కొడవళ్ళతో సహా వెళ్ళిపోయారు.

ఊరు ఊరంతా ఎగిరి గంతేసింది! గైల్స్ సంతోషం పట్టలేక తన సాలులోకి దూకి మొదటి కొమ్మ పీకాడు.

"ఆగు" అన్నారు పాదిరిగారు. "నా మొక్క పక్కన కొమ్మ పీకుతున్నావేం?"

"ఇది మాదండి. పదోది కాదు, రెండోది."

"రాజుగారి అధికారి ఎదుట ఇవన్నీ నావని చెప్పానా లేదా? నువ్వు విన్నావా లేదా?"

"విన్నానండి. కానీ అదేదో..."

"అదేదో ఏమిటి? నన్ను అబద్ధాలకోరును చేస్తావా గైల్స్? దైవసేవకుడు అబద్ధమాడొచ్చా?" పాదిరిగారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. "నా కోసం కాదు, సత్యం కోసం ఈ పంటంతా నేను తీసుకోక తప్పదు. అయినా నేను కఠినాత్ముణ్ణి కాను. మీరే పిలకలు తీసి, కోసి, ఆరబెట్టండి. మీకో పదో వంతు ఇప్పిస్తాను."

గైల్స్‌కు నిజంగా ఏడుపొచ్చింది. రాజుగారి కొడవలి తప్పించుకున్న పంట పాదిరిగారి సత్యవ్రతానికి బలైపోయింది. ఇంటికెళ్ళి మార్జరీ మీద ఎగిరాడు. "నీ తెలివి తగలెయ్య! గొర్రెలు కాసుకునే రాత నాది!"

మార్జరీకీ గుండె చెరువైంది. అయినా మూలనున్న కర్ర తెచ్చి మొగుడి చేతిలో పెట్టింది. "చర్చి సొత్తును లౌకికుల చెయ్యి తాకకూడదన్నాడుగా? నువ్వు కానిస్టేబులువి. తాకకుండా చూడు."

మర్నాడు పొద్దున్నే పాలేరు జెంకిన్ పిలకలు తీద్దామని వచ్చేసరికి, గైల్స్ దారికడ్డంగా కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"ఆగు! నువ్వు లౌకికుడివా, దైవసేవకుడివా?"

"నేను జెంకిన్‌ని గదయ్యా!"

"అయితే లౌకికుడివే. ఫో!"

ఊళ్ళో ఒక్కరూ చేలో అడుగు పెట్టలేదు. ఎంతటి భక్తులంటే, అడిగినా పెట్టలేదు. పొగాకు మాత్రం ఎవరి భక్తి కోసమూ ఆగదు. ఒక ఎండ, ఒక వాన తగిలేసరికి కాండానికి ఎక్కడికక్కడ పిలకలు లేచాయి. అవి తుంచకపోతే ఆకు ముదరదు, రేకులా తేలిపోతుంది. లద్దెపురుగులు కూడా విందుకు దిగాయి.

చివరికి పాదిరిగారు అంగీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టి స్వయంగా సాలులో దిగారు. ఊరంతా గట్టుమీద కూచుని, ఎంతో వినయంగా సలహాలిచ్చింది.

"గోటితో గిల్లాలి అయ్యగారూ, లాక్కూడదు!"

"పురుగు మీ కాలరెక్కింది అయ్యగారూ! అటు కాదు, ఎడంపక్క!"

"మీకు శ్రమ అనుకుంటే చెప్పండి అయ్యగారూ, మేం ప్రార్థన చేస్తాం!"

శనివారం దాకా నడుం విరిగేలా గిల్లి ఆయన రెండు సాళ్ళు పూర్తి చేశారు. వెనక్కి తిరిగి చూసేసరికి మొదటి సాలులో మళ్ళీ పిలకలు! మిగిలిన కొండవాలంతా ఆయనకేసే చూస్తున్నట్టుంది. చేతులకు పట్టిన జిగురు ముందు పచ్చగా, తరవాత కారునల్లగా తిరిగింది. సబ్బుకు పోదు, బూడిదకు పోదు, ప్రార్థనకు అసలే పోదు.

ఆదివారం ఆయన నల్లటి చేతులతోనే ప్రసంగపీఠం ఎక్కారు. కిందనున్న రైతులందరి చేతులూ, పొగాకు వేశాక మొదటిసారి, తెల్లగా మెరుస్తున్నాయి. "ఈ పాపిష్టి ఆకు!" అని మొదలుపెట్టి పాదిరిగారు కాగితం తిప్పబోయారు. కాగితం తిరగలేదు, వేలికి అంటుకుంది. రెండో చేత్తో పీకబోతే దానికి ఇంకొకటి అంటుకుంది. "పాపాన్ని దూరంగా విదిలించండి!" అని గర్జించి ఆయన చేతులు రెండూ పైకెత్తి విదిలించారు. కాగితాలు రెక్కల్లా టపటపలాడాయి గాని ఊడిరాలేదు.

ఎవరూ నవ్వలేదు. నెదర్‌కోమ్ ప్రజలు మర్యాదస్తులు. అందరికీ ఒక్కసారిగా దగ్గొచ్చింది, అంతే.

ప్రార్థన ముగిశాక పాదిరిగారు గైల్స్‌ను గుమ్మం పక్కకు పిలిచారు.

"గైల్స్, నా మనసు కరిగిపోయిందోయ్. తొమ్మిది వంతులు మీకే దానం చేస్తున్నాను."

గైల్స్‌కు ఊపిరొచ్చింది. పొలం దక్కింది! అయినా కానిస్టేబులు కదా, అడక్కుండా ఉండలేకపోయాడు. "మరి కమిషనరుగారితో తమరు చెప్పింది..."

"దానం చేసేదాకా నాదే కదా! అబద్ధమెలా అవుతుంది?"

"చిత్తం. మరి తమ పదో వంతు? దాన్నీ దానం చేసేస్తారా?"

పాదిరిగారు నల్లటి చేతులు రెండూ అంగీ చేతుల్లోకి ముడుచుకున్నారు.

"కోసి, ఆరబెట్టి, కట్టకట్టి మా పెరటి గుమ్మంలో పెట్టించు" అన్నారు గొంతు తగ్గించి. "ఆ ఆకును చేత్తో ముట్టడానికి నా అంతరాత్మ ఒప్పుకోదు."