సగటున మేం సంపన్నులం

మా దేశం ధనవంతమైపోయింది. నమ్మకపోతే రేడియో పెట్టుకోండి. తలసరి జాతీయాదాయం మళ్ళీ పెరిగిందనీ, చంటిపిల్లలతో సహా తలకి వేల డాలర్లనీ రాజధాని తరావా నుంచి చాలా స్పష్టంగా చెప్పారు. ఆ పూట మా ఇంట్లో అన్నంలోకి డబ్బా చేప కూడా లేదు. అయితేనేం? జాతీయాదాయానికీ కడుపుకీ సంబంధం ఉందని ఎవరన్నారు?

ఆ అంకె వల్ల మాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. మా ఇంట్లో ఏడుగురం, అంటే ఏడు వాటాలు. మర్నాడు పొద్దున్నే మా ఆడబిడ్డ భర్త బురాంకె నవ్వుకుంటూ వచ్చి చాప మీద కూర్చున్నాడు.

"చెల్లెమ్మా, బుబుటి. నీ కుట్టుమిషన్ కావాలి," అన్నాడు.

చుట్టం నోట బుబుటి అన్న మాట వచ్చాక లేదనడం మా దీవుల్లో లేదు. ఇవ్వవలసిందే.

"అన్నయ్యా, దాని మీద రవికెలు కుడితేనే కదా మాకు బియ్యం?"

"ఏడు వాటాలొచ్చిన ఇల్లు. కొత్తది కొనుక్కోలేవా? మాకు నాలుగే."

మిషన్ వెళ్ళిపోయింది. నేనూ ఊరుకోలేదు. మా మేనమామ మిషన్ అడుగుదామని వెళ్ళాను. అది అప్పటికే పక్క దీవికి పడవెక్కింది. ఆ వారం మా ఊళ్ళో ఇల్లు మారని సైకిల్ లేదు, గుమ్మం దాటని బిందె లేదు. ఆర్థిక వ్యవస్థ పరుగులు పెడుతోందంటే ఇదే కాదూ?

ఇంత మేలు చేసిన అంకెను వివరించడానికి తరావా నుంచి ఒక లెక్కల అధికారి వచ్చాడు. పేరు యోటెబ్వా. ఊరంతా మానేబాలో, అదే మా సభాశాలలో, కూర్చున్నాం. అతను గోడకి గీతల బొమ్మ తగిలించాడు. గీత పైకి పోతూనే ఉంది.

మా అత్తగారు గీత వంక చూడలేదు. "ఎవరి మనవడివి, నాయనా?" అన్నారు.

చెప్పాడు. చూస్తే ఆవిడ పినతల్లి మునిమనవడు.

"అయితే బుబుటి. నా వాటా ఇప్పించు. కోడలికి మిషన్ కొనాలి."

"అమ్మమ్మా, అది సగటు. అందరిదీ కలిపి తలలతో భాగిస్తాం. ప్రతి చేతికీ అంత రావాలని లేదు."

"నా చేతికి రాలేదులే. ఎవరి చేతికొచ్చిందో పేరు చెప్పు. వాళ్ళని నేనడుక్కుంటాను."

"ఒకరని కాదు. మన సముద్రంలో చేపలు పట్టే విదేశీ ఓడలు రుసుము కడతాయి. అందుకే గీత పెరిగింది. ఆ రుసుము రాజధానికి వస్తుంది."

"మరి చేపలు?"

"అవి వాళ్ళవే."

"ఆ ఓడలవాళ్ళు ఎవరి మనవలు?"

"వాళ్ళకి మనతో చుట్టరికం లేదు, అమ్మమ్మా."

"అదృష్టవంతులు," అన్నాడు వెనకనుంచి బురాంకె.

అంతమంది ముందు బుబుటి కాదనలేక, యోటెబ్వా తన దగ్గరున్న కాల్‌క్యులేటర్ ఆవిడ చేతిలో పెట్టి పడవెక్కేశాడు.

ఇప్పుడు నేను చేతిసూదితో కుడుతున్నాను. వారానికో రవిక అయితే గొప్ప. అత్తగారు పక్కనే కూర్చుని మా వాటా లెక్క కడుతున్నారు. ఎప్పుడు కట్టినా కిందటిసారి కంటే ఎక్కువే వస్తోందట.