స్టేజీ చెప్పని ప్రయాణికుడు

పదహారు రోజులు ఐసీయూలో ఉన్న ఒంగోలు డిపో కండక్టరు దాసరి ఇమ్మానియేలును మంగళవారం నలభై ముగ్గురు ప్రయాణికులతో సహా డిశ్చార్జి చేశారు. ఆసుపత్రి కాగితంలో వాళ్ళ సంఖ్య 'వెంట ఉన్నవారు' అన్న గడిలో ఉంది.

న్యుమోనియాతో మత్తులో ఉన్నన్నాళ్ళూ ఇమ్మానియేలు పొదిలి సర్వీసులో డ్యూటీ చేశాడు. నర్సులు ఒత్తిగిలించినప్పుడల్లా అది పేర్నమిట్ట మలుపు. ట్యూబు పీకేస్తాడని చేతులు మంచానికి కడితే, రద్దీ అనుకున్నాడు. మానిటరు రెండేసి సార్లు మోగేది. బస్సులో గంట ఒకసారి మోగితే ఆపమని, రెండుసార్లు మోగితే పోనిమ్మని. అందువల్ల బస్సు ఆగలేదు. ఎక్కగలిగినవాళ్ళు ఎక్కారు, దిగినవాళ్ళు లేరు.

వాళ్ళంతా అతని రెండు గదుల ఇంట్లో సర్దుకున్నారు. ముందు గది ఆడవాళ్ళకి వదిలారు. భార్య సలోమి చర్చి నుంచి గుండిగ తెచ్చి ఉప్మా చేసింది. ప్రయాణికులు మర్యాదగానే ఉన్నారు. బస్సు పొదిలి ఎన్నింటికి చేరుతుందని మాత్రం అడిగేవాళ్ళు.

ఇబ్బంది నిద్రతో వచ్చింది. బస్సులో జనం ఉండగా కండక్టరు కన్ను మూయకూడదు. ఇంటికొచ్చి తొమ్మిది రోజులైనా ఇమ్మానియేలు రెప్ప వాల్చలేదు. పదో రోజు టీ గ్లాసుకి టికెట్ కొట్టబోయాడు. సలోమి ఆసుపత్రికి ఫోను చేసింది. ప్రాణం వరకే తమ బాధ్యతని చెప్పి, వాళ్ళు మనస్తత్వ నిపుణురాలు నఫీసా నంబరు ఇచ్చారు. ఐసీయూ నుంచి వచ్చినవాళ్ళని ఆమె గురువారాలు చూస్తుంది. అందరినీ తీసుకురమ్మంది.

"ఏంది మేడమ్, వీళ్ళు లేరని చెప్తారా?" అన్నాడు ఇమ్మానియేలు.

"ఎలా చెప్తానండీ, నా కుర్చీలో కూడా ఒకాయన కూర్చున్నాడు" అంది నఫీసా నిలబడే. "దించుదాం. గంట ఒక్కసారి కొట్టండి."

ఆమె బల్ల మీద గంట ఉంది. ఇమ్మానియేలు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మోత ఆగితే ఏమైద్దో పక్క మంచం మానిటరులో చూశా మేడమ్."

"ఇది బస్సండీ. ఆగితే జనం దిగుతారు, అంతే."

ఆ గురువారం గంట మోగలేదు. తర్వాతి గురువారం ఆమె ఐసీయూ నర్సులు రాసిపెట్టిన పుస్తకం తెప్పించి ఒక పేజీ చదివింది. ఆరో తారీఖున మత్తు తగ్గించి చేతులు విప్పారని, ఆయన నర్సమ్మని చిల్లర అడిగారని అందులో ఉంది. ఇమ్మానియేలు విని, అది సంతనూతలపాడు స్టేజీ అయి ఉంటుందని ఒప్పుకుని, ఒకసారి గంట కొట్టాడు. తొమ్మిదిమంది దిగి ఆటోలు మాట్లాడుకున్నారు.

ఇలా వారానికో పేజీ, పేజీకో స్టేజీ. చీమకుర్తి గ్రానైటు పనివాడొకడు తనని స్టేజీ దాటించి తీసుకొచ్చారని పేచీ పెట్టాడు.

"కూర్చోబెట్టి ఉప్మా పెట్టాం గదన్నా, దిగు" అన్నాడు ఇమ్మానియేలు. సలోమి అతను కండక్టరులా మాట్లాడటం అప్పుడే మళ్ళీ విన్నది.

ఎనిమిదో గురువారానికి ఒక్కడు మిగిలాడు. నఫీసా గదిలో వెనక బెంచీనే సీటు చేసుకుని పడుకుని ఉన్నాడు. నోట్లో ట్యూబు ఉండటంతో స్టేజీ పేరు చెప్పలేకపోయాడు. ఇమ్మానియేలు వంగి చూశాడు. ఆ మనిషి ఇమ్మానియేలే.

"ఈయన దిగడండీ. ఇలా ఒకరు మిగలడం మామూలే. పాస్ రాసిస్తాను" అంది నఫీసా.

"మరి నా నిద్ర?"

"ఆయన్నే అడగండి."

ఒక కునుకు తీస్తాను, కాస్త బస్సు చూసుకుంటావా అని ఇమ్మానియేలు అడిగాడు. పడుకున్నవాడు సీటు కడ్డీ మీద వేలితో రెండుసార్లు కొట్టాడు. ఇమ్మానియేలు ఇంటికెళ్ళి పధ్నాలుగు గంటలు నిద్రపోయాడు. అప్పటినుంచి ఇద్దరూ వంతులు వేసుకున్నారు. సలోమి రెండో దుప్పటి కొన్నది.

జూన్‌లో అతను డ్యూటీలో చేరాడు. రెండోవాణ్ణి పాస్ మీద వెనక సీట్లో పడుకోబెట్టాడు. జనం అభ్యంతరం చెప్పలేదు. మొదటి ట్రిప్పులోనే, ప్రయాణికుల పక్కన అలా దిగకుండా మిగిలిన రెండోవాళ్ళు మరో పదకొండుమంది ఉన్నట్టు లెక్క తేలింది. ఇన్నేళ్ళూ వాళ్ళవి ఖాళీ సీట్లనుకుని అతను పక్కవాళ్ళని జరగమనేవాడు. ఇప్పుడు "పాసా?" అని మాత్రం అడిగాడు. ఔనన్నట్టు తలలూపి కిటికీ వైపు తిరిగారు.

ఇమ్మానియేలు ముందుకెళ్ళి గంట రెండుసార్లు కొట్టాడు.