పెదనాన్నగారి పరుపుల కంపెనీలో నా వాటా

ఉద్యోగులకు చట్టాలు, హక్కులు శుద్ధ దండగని నా నిశ్చితాభిప్రాయం. చట్టం పరాయివాళ్ళ మధ్య ఉండాల్సిన వస్తువు. అన్నం వడ్డించే ముందు అమ్మ మనచేత అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుంటుందా?

నేను పనిచేసే పరుపుల కంపెనీలో ఉద్యోగి అనేవాడు ఒక్కడూ లేడు. అందరం చుట్టాలమే! ఓనరుగారు పెదనాన్న. మేనేజరు బాబాయ్. ఫైళ్ళు చూసే ఆవిడ పిన్ని. పరుపులకు లేబుళ్ళు కుట్టే నేను చంటబ్బాయిని. నాకు నలభై ఎనిమిదేళ్ళు. చేరిన రోజున అపాయింట్‌మెంట్ లెటర్ అడిగితే పెదనాన్నగారికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “కొడుకులాంటివాడివి, నీకు కాగితమేంట్రా?” అన్నారు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఈ చుట్టరికంలో ఎన్ని సుఖాలో చూడండి! సెలవురోజున రమ్మంటే అది ఓవర్‌టైమ్ కాదు, ఇంటిపని. ఇంటిపనికి లెక్కలేమిటి? చుట్టూ నాలుగొందల పరుపులున్నా ఎవరం నడుం వాల్చం, అమ్మకానికి పెట్టిన సరుకు కదా! కూర్చుంటే బద్ధకం వస్తుందని కుర్చీలు కూడా తీయించేశారు. మొన్న కటింగ్ మిషన్‌లో పడి బావ వేలు చితికితే పెదనాన్నగారు స్వయంగా వచ్చి ఉఫ్ ఉఫ్ అని ఊదారు. ఊదమని ఏ చట్టంలో ఉందో చూపించండి!

ఆ మధ్య ఓ ఇన్‌స్పెక్టరు వచ్చి, కార్మికుల హక్కుల బోర్డు గోడకు తగిలించి తీరాలన్నాడు. తగిలించాం, అక్షరాలు గోడవైపుకి తిప్పి. ఇంటి గుట్టు వచ్చేపోయేవాళ్ళందరికీ తెలిస్తే పరువేం కావాలి?

ఇంత పచ్చని సంసారంలో నిప్పులు పోసింది చిన్నక్క. నాకన్నా ఇరవయ్యేళ్ళు చిన్నదే, అయినా ఇక్కడి వరసకి అక్క. పరుపుల అంచులు కుడుతుంది. ఆరేళ్ళుగా నిలబడే కుడుతోంది. ఏడో నెల వచ్చింది, కాళ్ళు వాచిపోతున్నాయి. దుమ్ము దులిపే వంకతో ఆ బోర్డు తిప్పి చదివిందట. నేరుగా వెళ్ళి పురిటి సెలవు అడిగేసింది!

పెదనాన్నగారు ఎంత ముద్దుగా చెప్పారనుకున్నారు! “పిచ్చితల్లీ, పురిటికి ఆడపిల్ల ఎక్కడికెళ్తుంది? పుట్టింటికేగా? ఇదే నీ పుట్టిల్లాయె! ఇంకెక్కడికే వెళ్ళడం?”

మేమందరం చప్పట్లు కొట్టాం. బాబాయ్ మా వైపే చూస్తున్నాడు మరి.

మర్నాడు పొద్దున చిన్నక్క మిషన్ దగ్గర ఎవరో కొత్తమ్మాయి నిలబడి ఉంది. “రేపట్నుంచి రాకమ్మా, రెస్టు తీసుకో” అన్నాడు బాబాయ్. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారని అడిగితే గడియారం వైపు చూశాడు. చిన్నక్క లేబర్ ఆఫీసుకి పరిగెత్తింది. అక్కడి గుమాస్తా, “నువ్వక్కడ పనిచేస్తున్నట్టు ఋజువేదమ్మా?” అన్నాడు. ఋజువెక్కడిది? ఆరేళ్ళలో ఒక్క చీటీ ముక్క లేదు. పైగా ఆ గుమాస్తా ఫోన్ చేస్తే పెదనాన్నగారు, “మా ఇంటిపిల్లేనండీ, కాలక్షేపానికి వస్తుంటుంది” అన్నారట. ఆ పూటంతా చిన్నక్క గేటు దగ్గర ఏడుస్తూ నిలబడింది. మేం చూసి, చూడనట్టు లేబుళ్ళు కుట్టుకున్నాం. నా బతుక్కి నేను సిగ్గుపడ్డ రెండో రోజు అది.

కానీ మర్నాడు కళ్ళు తుడుచుకుని, కొలత టేపు పట్టుకుని వచ్చింది. గేటు నుంచి షెడ్డు పొడవునా కొలుచుకుంటూ సరాసరి పెదనాన్నగారి గదిలోకి వెళ్ళింది. మేం గుమ్మంలో గుమిగూడాం.

“నన్ను ఇంట్లోంచి పంపేస్తున్నారట. వెళ్తాను పెదనాన్నా. మరి నా వాటా?”

“వాటా ఏంటే?”

“ఇంటిపిల్లనని మీరే ఫోన్లో చెప్పారుగా. ఇంట్లో ఇరవై ముగ్గురు పిల్లలం. షెడ్డు కొలిచాను. నాకు కిటికీ వైపు ఇచ్చెయ్యండి, పిల్లాడికి గాలి ఆడుతుంది. మిషన్లు తర్వాత పంచుకుందాం.”

పెదనాన్నగారు కుర్చీలోంచి లేచారు. కంపెనీ మొత్తానికి ఉన్న ఒకే ఒక్క కుర్చీ అది. “ఇదేమన్నా నీ బాబు సొమ్మనుకున్నావా?”

“కాదండీ, పెదనాన్న సొమ్ము.”

“ఎవత్తివే నువ్వు? జీతానికి కుట్టే మనిషివి! ఆరేళ్ళుగా నెలనెలా జీతం తీసుకుంటూ చుట్టరికమా?”

“ఆ మాట నలుగురిలో అంటే సరిపోదు. రాసివ్వండి, పోతాను.”

కోపంలో మనిషికి ఎక్కడలేని ఓపిక వస్తుంది. పిన్నిని పిలిచి, లెటర్‌హెడ్ మీద చెప్పి రాయించారు: “ఈమె మాకు ఏ విధమైన బంధువూ కాదు. ఆరేళ్ళుగా మా కంపెనీలో జీతానికి పనిచేస్తున్న ఉద్యోగి మాత్రమే.” సంతకం పెట్టి, కసిగా స్టాంపు గుద్దారు. రెండుసార్లు గుద్దారు.

చిన్నక్క ఆ కాగితాన్ని పిల్లాణ్ణెత్తుకున్నంత భద్రంగా పట్టుకుని లేబర్ ఆఫీసుకి పోయింది.

ఇప్పుడు జీతంతో సెలవులో ఉంది. ఆమె మిషన్ మీద గుడ్డ కప్పి ఉంది, వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. లేబర్ ఆఫీసు ఉత్తరువు!

చూశారా, ఇంత అనర్థమూ చట్టాల వల్లే! అయినా కుటుంబ వ్యవస్థ మీద నా నమ్మకం చెక్కుచెదరలేదు. అందుకే ఈ పొద్దున్నే నేనూ ఓ కొలత టేపు కొనుక్కుని పెదనాన్నగారి గది ముందు నిలబడ్డాను. నా వెనక అక్కచెల్లెళ్ళు, అన్నదమ్ములు, వేలికి కట్టుతో బావ బారులు తీరి ఉన్నారు. ఆయన లోపల గడియ పెట్టుకున్నారు.

ఎందుకండీ భయం? ఆస్తి ఎవరిక్కావాలి! మేం ఆయనకేమీ కామని ఒక్క ముక్క రాసిస్తే చాలు.