మోకాలి దాకా

ఆ ఉదయం దర్జీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మర్నాడు ఓడ ఒక దీవి దగ్గర ఆగుతుంది. అలలు లేని తీరం ఒకటి ఎంచుకోవాలి, మోకాలి దాకా నీళ్ళలో దిగి పది నిమిషాలు నిలబడాలి, భోజనాల వేళకి తిరిగి ఓడెక్కేయాలి. ఈత రాని మనిషి ఇంతకన్నా జాగ్రత్తగా ఆలోచించలేడు. ముప్పై ఐదేళ్ళు ప్యాంట్లు కుట్టినవాడు కాబట్టి మోకాలి దాకా అంటే ఎంతో అతనికి లెక్క తెలుసు. నేల నుంచి పంతొమ్మిదిన్నర అంగుళాలు. అనుమానం వస్తే కొలుచుకోవడానికి టేపు జేబులోనే ఉంది.

ఈ ప్రయాణం అతను కోరి వచ్చింది కాదు. దారాల కంపెనీ దర్జీలకు పెట్టిన లక్కీ డ్రాలో తగిలింది, అదీ దంపతులకు. భార్య పోయి మూడేళ్ళయిందని కంపెనీవాళ్ళతో చెప్పలేక ఊరుకున్నాడు. చెల్లెల్ని రమ్మంటే, “నీళ్ళంటే నాకు కళ్ళు తిరుగుతాయి అన్నయ్యా, నిండు బకెట్ చూసినా సరే,” అని తప్పించుకుంది. దాంతో ఒక్కడే వచ్చాడు. గది సర్దే మనిషి రోజూ రెండు తువ్వాళ్ళు, రెండు సబ్బులు పెట్టి వెళ్ళేవాడు. దర్జీ రోజూ రెండో తువ్వాలు కూడా విప్పి, కాస్త నలిపి, కుర్చీ మీద వేసేవాడు. వాడకుండా వదిలేస్తే ఎవరైనా ఎందుకని అడుగుతారేమోనని భయం. నాలుగు రోజులైనా ఎవరూ ఏమీ అడగలేదు, ఆ బాధ ఇంకా ఎక్కువగా ఉంది.

భార్య అతన్ని అడిగింది ఒక్కటే. “ఒక్కసారి సముద్రంలో కాళ్ళు తడుపుకుని వద్దామండీ.” “ఈ సీజను గడవనీ,” అనేవాడు. బడి యూనిఫారాలు, పెళ్ళి సూట్లు, మళ్ళీ యూనిఫారాలు. సీజన్లన్నీ బాగానే గడిచాయి. ఆవిడే ఆగలేదు. అందుకే ఈ మోకాలి లోతు ఇద్దరి తరఫునా అన్నమాట.

ఓడలో షికార్లకు పేర్లు రాసుకునే బల్ల దగ్గర ఒక అమ్మాయి కూర్చుని ఉంది. ఎదురుగా దీవి పటం, భుజానికీ చెవికీ మధ్య ఫోను.

“ఇక్కడ అలలెలా ఉంటాయమ్మా?” అన్నాడు దర్జీ, పటం మీద వేలు పెట్టి.

“పెద్దవేనండి. కుర్రాళ్ళకి బావుంటుంది.”

“మరి ఇది?”

“ప్రశాంతంగా ఉంటుందండి. కానీ నూట నలభై మెట్లు దిగాలి.”

“దిగినవాణ్ణి ఎక్కాలి కూడాగా. మరి ఇదో?”

“ఇది మంచిదండి. చుట్టూ రాళ్ళ గట్టు. లోపల అల ఉండదు, గాలీ ఉండదు. నీళ్ళ దాకా చెక్కబాట వేశారు, ఒక్క మెట్టు కూడా లేదు.”

దర్జీకి ప్రాణం లేచొచ్చింది. తనకు ఈత రాదనీ, నీళ్ళు పాదాల దాకా వస్తే పర్వాలేదనీ, పిక్కల దాకా వస్తే ఓర్చుకుంటాననీ వివరంగా చెప్పాడు. ఇదంతా చెబుతున్నంతసేపూ ఆ అమ్మాయి ఫోనులో ఎవరిదో పోయిన సూట్‌కేసు గురించి మాట్లాడుతోంది. ఆమె ఫోను పెట్టేసరికి అతను ఆఖరి వాక్యంలో ఉన్నాడు.

“మోకాళ్ళ దగ్గరికొచ్చేసరికి ఇక నావల్ల కాదమ్మా.”

“అయ్యో. ఎన్నాళ్ళ నుంచండి?”

“చిన్నప్పట్నుంచీ అంతే.”

“రెండు కాళ్ళూనా?”

ప్రశ్న వింతగా తోచింది. ఒక కాలు గట్టున ఉంచి ఒక కాలే తడుపుకునేవాళ్ళు కూడా ఉంటారు కాబోలు అనుకున్నాడు. “రెండూనమ్మా.”

“తోడెవరైనా ఉన్నారా అండీ?”

“లేరు.”

“పర్లేదు. మేం చూసుకుంటాం.”

మూడేళ్ళలో ఆ మాట అతనితో ఎవరూ అనలేదు. గది నంబరు రాయించి కదిలాడు. లిఫ్టు నిండా జనం ఉండటంతో పై అంతస్తుకు మెట్లెక్కాడు, సంబరం కొద్దీ రెండేసి చొప్పున.

మర్నాడు పొద్దున్న, మోకాలికి రెండంగుళాలు పైకి తనే కుట్టుకున్న నిక్కరు వేసుకుని దిగేసరికి, ఓడ గుమ్మం దగ్గర అతని గది నంబరు కట్టిన చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది. పక్కన ఇద్దరు మనుషులు, ఒక నర్సమ్మ.

“నేను నడుస్తానమ్మా,” అన్నాడు దర్జీ.

“అందరూ అలాగే అంటారు బాబాయ్ గారూ,” అంది నర్సమ్మ. మొహమాటమనేది అతనికి పుట్టుకతో వచ్చిన జబ్బు. కాదు కూడదనేలోపే కుర్చీలో ఉన్నాడు, ఒడిలో దిండు కూడా పడింది. ఒక మనిషి నడుముకు బెల్టు బిగిస్తూ, “బిగుతుగా ఉందా సార్?” అని అడిగితే, జీవితమంతా తను అడిగిన ప్రశ్న తనకే ఎదురైనందుకు, “సరిపోయింది బాబూ,” అనేశాడు.

వ్యానులో పక్క కుర్చీలో పెద్ద గడ్డిటోపీ పెట్టుకున్న ఒకావిడ ఉంది. బళ్ళో భూగోళం చెప్పి రిటైరయ్యిందట. ముప్పై ఏళ్ళు పిల్లల చేత సముద్రానికి నీలం రంగు వేయించిందే తప్ప, సముద్రం చూడటం ఇదే మొదలట.

“మీది ఏ మోకాలండీ?” అంది టీచరమ్మ.

“రెండూనండి,” అన్నాడు దర్జీ, కిటికీలోంచి చూస్తూ.

“పాపం. నాది ఎడమదొక్కటే,” అని ఆవిడ అతని పిక్కల వంక చాలాసేపు చూసింది.

తీరం ఆ అమ్మాయి చెప్పినట్టే ఉంది. కంచంలో పోసినట్టు కదలకుండా నీళ్ళు, చెక్కబాట. చిక్కల్లా నర్సమ్మతో వచ్చింది. ఒక మోకాలివాళ్ళని నీళ్ళ అంచు దాకా పోనిస్తారట, రెండు మోకాళ్ళవాళ్ళు గొడుగు కిందే ఉండాలట. టీచరమ్మ కుర్చీ ముందుకు సాగిపోయింది. దర్జీ కుర్చీకి బ్రేకు పడింది. నీళ్ళు అక్కణ్ణుంచి ఏడు గజాలు. టేపు తీయకుండానే చెప్పగలడు.

నిజం చెప్పేద్దామని రెండుసార్లు నోరు తెరిచాడు. మొదటిసారి అందులో నర్సమ్మ కొబ్బరినీళ్ళ స్ట్రా పెట్టింది. రెండోసారికి ఒక చీమ పిక్క మీదికి ఎక్కింది. ఓర్చుకున్నాడు. చీమ మోకాలు చేరేసరికి కాలు దానంతటదే ఎగిరింది.

“కదిలింది,” అంది నర్సమ్మ.

అంతే. చుట్టూ జనం మూగారు. ఒకాయన నూనె పట్టించమన్నాడు, ఒకావిడ నూనె అసలు తగలకూడదంది. ఎవరో ఫొటో తీశారు. నాలుగు రోజులుగా భోజనాల బల్ల దగ్గర ఉప్పు అందించమని కూడా అతన్ని అడగనివాళ్ళు వాళ్ళంతా. ఇప్పుడు అతని మోకాళ్ళతో ఎంతో ఆప్యాయంగా మాట్లాడుతున్నారు. దర్జీకి ఏడుపొచ్చినంత పనైంది. ఇంకో గంటలో వ్యాను వెళ్ళిపోతుంది. ఇన్నేళ్ళకు సముద్రం దాకా వచ్చి, ఏడు గజాల దూరంలో మళ్ళీ ‘తర్వాత’ అనేసి వెళ్ళిపోవడమే అతని రాత కాబోలు.

అప్పుడు టీచరమ్మ కేకేసింది. “నా టోపీ.”

గడ్డిటోపీ నీళ్ళలో పడి మెల్లగా లోపలికి పోతోంది. మనుషులిద్దరూ నూనె సీసా కోసం వ్యాను దగ్గరికి వెళ్ళారు. నర్సమ్మ వెనక్కి తిరిగేసరికి కుర్చీ ఖాళీగా ఉంది, బెల్టు విప్పి మడతపెట్టి ఉంది.

దర్జీ నీళ్ళలోకి నడిచాడు. పాదాలు, చీలమండలు, పిక్కలు. మోకాళ్ళు మునిగేచోట టోపీ చేతికందింది. నిక్కరు అంచు తడవలేదు. టోపీ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. భార్య ఇంతకన్నా ఏమీ అడగలేదు. ఒక్క ఆదివారం కొట్టు మూస్తే సరిపోయేది. “ఆలస్యమైందే,” అన్నాడు, పక్కన మనిషికి చెప్పినట్టు. పది నిమిషాలు అనుకున్నది, ఎంతసేపు ఏడ్చాడో అతనికే తెలియదు.

వెనక చప్పట్లు వినబడ్డాయి. చిన్నప్పటి నుంచి నడవని మనిషిని ఈ నీళ్ళు నడిపించాయన్న మాట అప్పటికే తీరమంతా పాకింది. దీవిలో ఉన్న మోకాళ్ళన్నీ ఒక్కసారిగా నీళ్ళలోకి దిగాయి. నూట నలభై మెట్ల తీరం నుంచి కూడా జనం వచ్చారు, అన్ని మెట్లూ ఎక్కి మరీ. దీవిలోకెల్లా ప్రశాంతమైన తీరంలో ఇక కాలు పెట్టే చోటు లేదు.

దర్జీ కళ్ళు తుడుచుకుని టోపీ తెచ్చి టీచరమ్మకిచ్చాడు. “గాలికి ఎగిరిందాండీ?”

“ఇక్కడ గాలెక్కడుంది? గాలి ఉండదనేగా ఇద్దరం ఈ తీరం ఎంచుకుంది.”

దర్జీ తెల్లబోయాడు.

“నిన్న మీరు మెట్లు రెండేసి ఎక్కడం చూశాను,” అంది టీచరమ్మ, టోపీ నీళ్ళు పిండుతూ.

“మరి వ్యానులోనే అనేయకపోయారా?”

“అంటే మీరు దిగి వేరే వ్యానెక్కేవారు. నా పక్క కుర్చీ నాలుగు రోజుల్నుంచీ ఖాళీయే.” తర్వాత కాస్త గొంతు తగ్గించి, “కానీ మీరు నీళ్ళకేసి చూస్తున్న చూపు చూశాక ఇక కూర్చోబెట్టలేకపోయాను,” అంది.

మర్నాడు తర్వాతి దీవికి పేరు రాయించడానికి దర్జీ బల్ల దగ్గరికి వెళ్ళాడు. అలల గురించి, మెట్ల గురించి అడగలేదు. అమ్మాయి ఈసారి ఫోను పక్కన పెట్టి మరీ విన్నది.

“తోడెవరైనా ఉన్నారా అండీ?”

దర్జీ తన చేతులతో తోసుకొచ్చిన టీచరమ్మ కుర్చీ వంక ఒకసారి చూసుకున్నాడు.

“ఉన్నారమ్మా,” అన్నాడు. “కానీ ఆవిడ మోకాలు మాత్రం నిజంది.”