సామరస్య స్తంభాలు

ఆళ్లగడ్డ రాతి స్తంభాల సహకార కర్మాగారంలో ఇకపై ప్రొడక్షన్‌కూ క్వాలిటీకీ మధ్య తగాదా అనేదే ఉండదని మంత్రిగారు నంద్యాల సభలో ప్రకటించారు. సభకు మూడు వేలమంది వచ్చారు. కర్మాగారంలో తగాదా ఉందని అంతకుముందు తెలిసినవాళ్లు వారిలో ఇద్దరే. ఒకరు ప్రొడక్షన్ మేస్త్రీ లక్ష్మీనారాయణ, రెండోవారు క్వాలిటీ చూసే ఆదెమ్మ. తగాదా వాళ్లిద్దరిదే.

జిల్లాలో ప్రతి మండలానికీ ఒక బడికి రాతి స్తంభాల వరండా కట్టించాలని మంత్రిగారి సంకల్పం. స్తంభాలు చెక్కించి పంపడం లక్ష్మీనారాయణ పని. పంపేముందు ఒక్కొక్కదాన్నీ చిన్న సుత్తితో తట్టి, చెవి ఆనించి వినడం ఆదెమ్మ పని. గట్టి రాయి ఖంగుమంటుంది. లోపల బీట ఉన్న రాయి పగిలిన కుండలా బొంగురుగా పలుకుతుంది. అలా పలికినదాని నడుం మీద ఆదెమ్మ ఎర్రరంగుతో అడ్డగీత గీస్తుంది.

"ఏందక్కా ఈ గీతలు? పొద్దున్నుంచి మూడు పాయె. నువ్వు రాళ్లు చూసేకి వచ్చినావా, నా కొంప ముంచేకి వచ్చినావా?"

"మునిగేది నీ కొంప గాదప్పా. వాటికింద పిల్లోళ్లు కూచుంటారు."

"నీ చెవులు ముసిలివైపోయినాయి."

"నీ నోరు మాత్రం ఇంకా పడుచుగానే ఉండాది. పా, రొట్టెలు గట్టిపడతాండాయి."

ఇరవై రెండేళ్లుగా వాళ్లు ఇలా తగాదా పడి, ఆ తర్వాత ఒకే గిన్నెలోని చెనక్కాయల చట్నీతో జొన్నరొట్టెలు తింటున్నారు. ఇంతటి ఘర్షణను ప్రభుత్వం చూస్తూ ఊరుకోదు కదా.

సామరస్యం కోసం క్రాంతి కుమార్‌గారు ప్రత్యేకాధికారిగా వచ్చారు. మూడు రోజులు పరిశీలించి, అరవై పేజీల రిపోర్టు రాసి, ఘర్షణకు మూలకారణం కనిపెట్టారు. ఇద్దరూ ఒకే చోట ఉండటమే ఆ కారణం. వెంటనే క్వాలిటీ విభాగాన్ని నంద్యాలకు మార్చారు. విభాగమంటే ఆదెమ్మ, సుత్తి, రంగు డబ్బా. రంగు డబ్బాకు బదిలీ ఉత్తర్వులో చోటు దొరకలేదు.

ఆళ్లగడ్డ బస్టాండులో లక్ష్మీనారాయణ ఆమె సంచిని కిటికీలోంచి అందించాడు. ఆదెమ్మకు బస్సులంటే గుబులు. ఆమె ఎక్కించి పంపినవాళ్లలో తిరిగొచ్చి దిగినవాళ్లు తక్కువ. ఈసారి ఎక్కింది తానే.

"నలభై కిలోమీటర్లే గదక్కా," అన్నాడతను.

"సుత్తి చప్పుడు అంత దూరం రాదప్పా," అంది ఆదెమ్మ.

దానికీ క్రాంతి కుమార్‌గారు ఏర్పాటు చేశారు. ఆళ్లగడ్డలో లక్ష్మీనారాయణ స్తంభాన్ని తడతాడు. నంద్యాలలో, ఏసీ గదిలో, ఆదెమ్మ ఫోన్లో వింటుంది. ఫోన్లు చాలా మంచివి. చుట్టుపక్కల చప్పుళ్లన్నీ తీసేసి మనిషి గొంతును మాత్రమే పంపుతాయి.

"తట్టినావా?"

"తట్టినా."

"నాకేం వినపళ్లే."

"రాయి అదిరేట్టు తట్టినానక్కా."

"నీ గొంతు దప్ప ఏం రాలే."

క్రాంతి కుమార్‌గారు ఓపికగా అడిగారు. "అమ్మా, మీకు బీట చప్పుడు వినిపించిందా?"

"లేదు సార్."

"అయితే బీట లేదు," అని ఆయన పాస్ ముద్ర వేశారు.

ఆ నెలలో రెండు వందల స్తంభాలు పరీక్ష నెగ్గాయి. ఎర్రగీతలు సున్నా, తగాదాలు సున్నా. పేపర్లో మంత్రిగారి ఫోటో వచ్చింది.

ఒకరోజు పరీక్ష అయ్యాక లక్ష్మీనారాయణ ఫోను పెట్టేయలేదు.

"అక్కా, నాకు భయమైతాంది."

"నీకేం భయమప్పా. అడ్డమొచ్చేవాళ్లు లేరు గదా."

"అదే భయం. నువ్వు ఆపుతావనే ధైర్యంతో గదా నేను కానీండి, కానీండి అని అరిచేది. ఇప్పుడు కానీమంటే నిజంగానే అయిపోతాండాయి."

ఆదెమ్మకు ఆ మాట మాత్రం ఫోన్లో చాలా స్పష్టంగా వినిపించింది.

తర్వాతి వారం ఆమె కోసం మంత్రిగారి కారు వచ్చింది. నంద్యాల శివారులో మంత్రిగారు కొత్త ఇల్లు కట్టుకుంటున్నారు. దాని వరండాకు ఆళ్లగడ్డ నుంచి పన్నెండు స్తంభాలు దిగాయి. వాటి వెంట లక్ష్మీనారాయణ కూడా వచ్చాడు. క్రాంతి కుమార్‌గారు ఫోను తీయబోతే మంత్రిగారు వారించారు.

"అది లోపల పెట్టప్పా. ఈ వరండాలో నా మనవళ్లు ఆడుకుంటారు. సుత్తితో తట్టి, చెవి ఆనించి విను తల్లీ. మొగమాటం పడొద్దు."

ఆదెమ్మ మొహమాటపడలేదు. పన్నెండింటిలో నాలుగు బొంగురుగా పలికాయి. రంగు లేకపోవడంతో ఇటుక ముక్కతో గీతలు గీసింది.

"నాలుగా? నీ చెవులకు కనికరం లేదు గదక్కా," అన్నాడు లక్ష్మీనారాయణ, చాలా రోజుల తర్వాత నవ్వుతూ.

మంత్రిగారు ఆమె నైపుణ్యాన్ని మెచ్చుకుని, ఆ నాలుగింటికి బదులు వేరేవి తెప్పించమన్నారు. మధ్యాహ్నానికల్లా గీతలు పడిన నాలుగూ లారీ ఎక్కాయి.

"అవి యాడికి పోతాండాయి సార్?" అడిగింది ఆదెమ్మ.

"బండి ఆత్మకూరు మండలం బడికి. ఎల్లుండి అక్కడ వరండా ప్రారంభం," అన్నారు క్రాంతి కుమార్‌గారు.

"అవి బీటలు వారినాయి. నేనిప్పుడే గదా గీసింది."

"మంత్రిగారి ఇంటికి పనికిరావని గీశారమ్మా. బడికి పనికిరావని ఎవరూ గీయలేదు."

"పిల్లోళ్ల మీద పడతాయి సార్. అవి పోగూడదు."

క్రాంతి కుమార్‌గారు లక్ష్మీనారాయణ వైపు తిరిగారు. "మీరు చెప్పండి మేస్త్రీ. ప్రొడక్షన్ అభిప్రాయం ఏమిటి?"

"నేనూ పంపను సార్. అక్క మాటే నా మాట. అవి పోగూడదు."

క్రాంతి కుమార్‌గారి కళ్లు చెమర్చాయి. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశారు. రిజిస్టరు తెరిచి, 'ప్రొడక్షన్, క్వాలిటీ విభాగాల మధ్య సంపూర్ణ ఏకాభిప్రాయం కుదిరినది' అని రాశారు. తేదీ వేసి, ముద్ర కొట్టి, ఇక పోనీయమని లారీ డ్రైవరుకు చెయ్యి ఊపారు.