ఏడో పేజీలో పేరు

అడవి చూడ్డానికి వచ్చే ప్రతి పన్నెండు మందిలో ఒకరిని సింహాలకు వదిలి వెళ్ళాలన్న నిబంధన ఉండటంతో, ఎంబాలి దేశపు వీసా దరఖాస్తు మిగతా దేశాల దరఖాస్తులకన్నా ఒక పేజీ ఎక్కువ ఉంటుంది. అది ఏడో పేజీ. వదిలి వెళ్ళే మనిషి పూర్తి పేరు, ఎత్తు, బరువు, వాడుతున్న మందులు, ఇద్దరు సాక్షుల సంతకాలు, గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ అందులో ఉండాలి. పేరు కొట్టివేతలు లేకుండా రాయాలి. ఆ పేజీ ఖాళీగా ఉంటే పన్నెండు దరఖాస్తులూ తిరిగొస్తాయి.

ఎంబాలి వాళ్ళను తప్పు పట్టడానికి లేదు. ఆఫ్రికా పటం మీద వేలు పెడితే వేలికింద కనిపించకుండా పోయేంత దేశం అది. ఉన్న రెండు సరస్సుల్నీ నాలుగు అడవుల్నీ చూడ్డానికి ప్రపంచమంతా దిగి, ఫొటోలు తీసుకుని, జింకల్ని బెదరగొట్టి పోతుంటే జంతువులకు ఒరిగేదేమిటని అక్కడి సభలో ఎవరో అడిగారు. చట్టం చేశారు. ఇరవై రెండేళ్ళుగా అమలవుతున్నా ఒక్క ఫిర్యాదు రాలేదు. ఫిర్యాదు చెయ్యాల్సిన వాళ్ళు తిరిగి రాకపోవడం అందుకు ఒక కారణమైతే కావచ్చు.

కాకినాడ రెవెన్యూ కాలనీ పార్కులో పొద్దున్నే నడిచే ఆరు జంటలు ఈ దేశం చూసి రావాలని ఉగాది వెళ్ళిన వారం నిర్ణయించుకున్నాయి. వ్యవసాయ శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన నల్లమిల్లి గంగిరెడ్డి వాళ్ళకు నాయకుడు. ఎవరూ ఎన్నుకోలేదు, పెన్ను ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది కాబట్టి అయ్యాడు. నాలుగు రోజుల కార్యక్రమం టైపు చేయించి అందరికీ పంచాడు. మొదటి రోజు సరస్సులో కొంగలు, పడవలోంచి హిప్పోలు. రెండో రోజు కొండమీద గొరిల్లాలు. మూడో రోజు విశ్రాంతి, బజారు. నాలుగో రోజు ఉదయం ఏడింటికి సింహాలు, తొమ్మిదింటికి పదకొండు మందికి టిఫిను.

మే నెల మొదటి శుక్రవారం, నడక అయ్యాక, సిమెంటు బల్ల మీద దరఖాస్తులు పరిచారు. ఆరు పేజీలు చకచకా నిండాయి. ఏడోది వచ్చేసరికి గంగిరెడ్డి తలెత్తి, "ఎవర్ని రాద్దామండీ?" అన్నాడు.

ఒకరు బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకున్నారు. ఒకరు చెట్టు మీది ఉడుతను శ్రద్ధగా చూశారు. ఆ అవస్థ చూడటం రమాసుందరికి భరించరానిదైంది. ఆవిడ మున్సిపల్ హైస్కూల్లో సైన్సు టీచరు, యాభై నాలుగేళ్ళ మనిషి. ఊటీ వెళ్ళినప్పుడు వ్యానులో చివరి సీటు ఆవిడదే, షిరిడీ వెళ్ళినప్పుడు బాత్రూం పక్క బెర్తూ ఆవిడదే. నలుగురూ ఇబ్బంది పడుతుంటే చూడలేని జబ్బు ఆవిడకు చిన్నప్పట్నుంచీ ఉంది.

"పోనీ, నేనుంటాలెండి" అంది.

ఇలాంటి మాట మన వైపు సగం మాటే. మిగతా సగం ఎదుటివాళ్ళు అనాలి. "అయ్యో, మీరెందుకండీ" అని వాళ్ళు అనాలి, "ఫర్వాలేదండి" అని మనం అనాలి, ఠాఠ్ వల్లకాదని వాళ్ళు చెయ్యి పట్టుకోవాలి. మూడోసారికి ఎవరి పరువూ పోకుండా విషయం మరోవైపు మళ్ళుతుంది. రమాసుందరి తన సగం అనేసి ఎదురుచూసింది. గంగిరెడ్డి పెన్ను క్యాపు తీశాడు. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి. ఒక్క కొట్టివేత కూడా పడలేదు.

ఆ పూట నుంచీ ఆవిడకు భయం పట్టుకుంది. మిక్సీ గుర్రుమంటే ఉలిక్కిపడేది. వేసవి ప్రత్యేక తరగతుల్లో తొమ్మిదో తరగతికి ఆహారపు గొలుసు పాఠం చెబుతూ బోర్డు మీద గడ్డి రాసింది, జింక రాసింది, ఆ తర్వాత సుద్దముక్క కదల్లేదు. పిల్లలు "సింహం టీచర్, సింహం" అని అందించారు. ఆవిడ కుర్చీలో కూర్చుండిపోయింది.

మధ్యాహ్నం భర్త వీరభద్రానికి వడ్డిస్తూ, "ఏవండీ, నేనేదో మాటవరసకన్నానండీ" అంది.

"ఆ సంగతి నాకు తెల్దా?" అన్నాడాయన.

"తెలిస్తే గంగిరెడ్డిగారితో చెప్పొచ్చు గదండీ."

"ఎలా చెప్తానే? మరెవరిది రాయమంటావ్ భద్రం, అంటాడు. ఏం బాగుంటాది? రేపు మళ్ళీ మొహాలు చూసుకోవాలా వద్దా?" ఆయన మజ్జిగ కలుపుకున్నాడు. గొంతు కాస్త తగ్గించాడు. "నీకన్నీ ముందే ఊహించేసుకోడం అలవాటు. ఆ రోజుకి కాటన్ చీర కట్టుకో. గాలాడతాది."

సాయంత్రం, వీసాల పని చూస్తున్న ట్రావెల్స్ తాతారావుకు ఫోన్ చేసి, తనకు షుగరు రెండొందల ఎనభై ఉందని చెప్పుకుంది. అతను మర్యాదస్తుడు. "ఆయ్, రాసేద్దాం మేడంగారూ. వాళ్ళు అడిగేది తెలుసుకోడానికేనండి, వద్దనడానికి కాదండి" అన్నాడు. ఆవిడ థాంక్స్ చెప్పి పెట్టేసింది.

కాలనీ అంతా ఆవిడ్ని ప్రేమగా చూసుకోవడం మొదలెట్టింది. బరువు తగ్గుతున్నారు, పేజీలో రాసిన అంకెకు తేడా వస్తుందేమో అని ఒకావిడ సున్నుండలు పంపింది. గంగిరెడ్డి భార్య పేరిందేవి ఇంటికొచ్చి, బొట్టు పెట్టి, కాసేపు వేసవి గురించి మాట్లాడి, లేవబోతూ అడిగింది.

"వదినగారూ, వచ్చేటప్పుడు మీ ఇరవై మూడు కిలోల లగేజీ ఖాళీయేగదండీ? మా కోడలు చెక్క జిరాఫీ తెమ్మందండి. మీకిబ్బందైతే వద్దులెండి."

"అయ్యో, ఇబ్బందేముందండీ!" అంది రమాసుందరి. ఆవిడ వెళ్ళాక బాత్రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చింది. చచ్చిపోతానన్న భయం కన్నా, వద్దు అన్న రెండక్షరాలు నోటికి రావడం లేదన్న భయమే ఆవిడకు ఎక్కువగా ఉంది.

జూన్ రెండో వారంలో హైదరాబాదులో ఇంటర్వ్యూ. ఎంబాలి కార్యాలయం చల్లగా, శుభ్రంగా ఉంది. ఏడో పేజీ చూసే అధికారిణి పదేళ్ళుగా ఇక్కడే ఉండటంతో తెలుగు చక్కగా మాట్లాడుతుంది. రమాసుందరిని ఎదురుగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. మిగతా పదకొండు మంది ఆవిడ వెనక, గోడవారగా నిలబడ్డారు. చట్టప్రకారం వాళ్ళూ అక్కడ ఉండాలి.

"మిమ్మల్ని ఎవరైనా బలవంతం చేశారా?"

"లేదండి."

"మీకు ఇష్టమేనా? ఇప్పుడు కాదంటే మీ పేరు తీసేస్తాను. ఇదే ఆఖరి అవకాశం."

రమాసుందరి మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "నాకు... భయంగా ఉందండి" అంది. నెల రోజుల్లో ఆ మాట పైకి అనడం అదే మొదలు.

"భయానికి వేరే గడి ఉంది" అని అధికారిణి అందులో టిక్కు పెట్టింది. "నేనడిగేది ఇష్టం గురించి. లేదంటే చెప్పండి, కొట్టివేత పడకుండా కొత్త పేజీ ఇస్తాను. మీ బదులు ఎవరి పేరు రాయాలో మీరే చెప్పాలి. నియమం అది."

రమాసుందరి వెనక్కి తిరిగింది. పదకొండు మంది ఉన్నారు. గంగిరెడ్డి గోడమీది ఏనుగుల క్యాలెండరు చదువుతున్నాడు. పేరిందేవి కొంగు సర్దుకుంటోంది. వీరభద్రం ఇందాక ముందు వరసలోనే ఉన్నాడు, ఇప్పుడు గంగిరెడ్డి భుజం వెనక నుంచి ఆయన బట్టతల మాత్రం కనిపించింది. ఒక్క పేరు చెబితే చాలు. ఆవిడకు అందరి పేర్లూ తెలుసు, ఎవరికి ఏ కూర పడదో కూడా తెలుసు. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. మనిషిని ఎదురుగా పెట్టుకుని ఎలా అంటాం, ఏమనుకుంటారు అన్న ఆలోచన అంతకన్నా ముందొచ్చింది.

"నేనే ఉంటాలెండి" అంది అటు తిరిగే.

వెనకాల పదకొండు ఊపిర్లు ఒక్కసారి వదలడం వినపడింది. "మా వదినగారి మనసే అంతండీ" అంది పేరిందేవి, కళ్ళొత్తుకుంటూ. ఆ కన్నీళ్ళు నిజమైనవే. అధికారిణి ముద్ర వేసి, తర్వాతి బృందాన్ని పిలిచింది.

బయటికొచ్చేసరికి పన్నెండైంది. అందరికీ ఒక్కసారిగా ఆకలేసింది. ఎదురుగా ఉన్న హోటల్లో మూడు బల్లలు కలిపించుకుని కూర్చున్నారు. గంగిరెడ్డి సర్వరును పిలిచి ఇడ్లీ అన్నాడు, పక్కాయన ఇడ్లీ అన్నాడు, మాట అలా బల్ల చుట్టూ తిరిగి రమాసుందరి దగ్గరకొచ్చింది.

"నాకు పెసరట్టు ఉప్మా కావాలి" అంది రమాసుందరి.

ఆ గొంతు అంత గట్టిగా ఉంటుందని ఆవిడకే తెలియదు. పక్క బల్ల వాళ్ళు కూడా తలతిప్పి చూశారు. సర్వరు రాసుకోబోయాడు. వీరభద్రం అతని చెయ్యి పట్టుకుని ఆపాడు.

"ఇప్పుడు పెసరట్టంటే లేటవుద్దే. రైలు టైమవుతోంది. అందరం ఇడ్లీ చెప్పాం కదా."

"అవునండి, పాపం అందరూ మీకోసం కూర్చోవాలి" అంది పేరిందేవి మెల్లగా.

రమాసుందరి సర్వరు వైపు చూసింది. అతను పెన్సిలు పట్టుకుని నిలబడ్డాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడకు ఇబ్బంది కలగకూడదని నీళ్ళ గ్లాసులకేసి చూస్తున్నారు.

పన్నెండు ప్లేట్ల ఇడ్లీ వచ్చింది. సాంబారు వేడిగా ఉంది, బావుంది అన్నారందరూ. ఆవిడ కూడా బావుందంది.