జ్ఞానాంబ తూకం

ఆ ఉదయం ఇంట్లో ఉన్నవాళ్లు ముగ్గురే: చిత్తూరు బెల్లం మండీలో వ్యాపారం చేసే పరంధామయ్య, ఆయన భార్య జ్ఞానాంబ, ఆయన తల్లి సుబ్బులమ్మ. పొయ్యి మీద నెయ్యి పొంగలి కూడా ఉంది గానీ, జ్ఞానాంబ దానివైపు చూడకూడదనుకుంది.

ఆమెకు యాభై దాటాయి. మెట్టు దిగితే మోకాళ్లు పట్టేస్తున్నాయి. "పస్తులుండొద్దమ్మా. నెయ్యి, తీపి తగ్గించి కొంచెం తక్కువ తినండి, సాయంత్రం నడవండి. లేకుంటే మీ మోకాళ్లు మిమ్మల్ని మొయ్యవు" అన్నాడు డాక్టరు. అందుకే చిన్న రాగిసంగటి ముద్ద, ఆకుకూర పప్పు పెట్టుకుని కూర్చుంది.

"పొంగలి తినవా?" అంది సుబ్బులమ్మ.

"వద్దత్తా. బరువు తగ్గాల."

ఈ మాట గోడ అవతల పూలు కట్టుకుంటున్న పక్కింటి పంకజాక్షి చెవిన పడింది. వచ్చే వారం వీళ్లు తిరుమల కొండకు పోతున్నారని వీధంతటికీ తెలుసు. కిందటేడు జ్ఞానాంబ జ్వరంతో మంచం పట్టినప్పుడు, ఆమె లేచి తిరిగితే తులాభారం ఇస్తానని పరంధామయ్య మొక్కుకున్నాడు. త్రాసులో ఒకవైపు ఆమె, రెండోవైపు బెల్లం. పంకజాక్షి రెండు విషయాలనూ కలిపేసింది.

"అవ్వా, అక్క ఎండిపోతా ఉండేది స్వామికి బెల్లం తగ్గించేదానికా?" అంది గోడ మీంచి.

సుబ్బులమ్మ గరిటె జారవిడిచింది.

మధ్యాహ్నానికి మాట మండీకి చేరింది. బెల్లంలో తేమ ఉందని తూకంలో కొంత కొట్టేయడం అక్కడి వాడుక. దాన్ని తరుగు అంటారు.

"ఏమప్పా పరంధామా," అన్నాడు పక్క కొట్టు గురప్ప, "రైతుల దగ్గర తరుగు తీస్తివి, సరే. స్వామి దగ్గర గూడా తీస్తా ఉండావంట?"

మండీ అంతా నవ్వింది. పరంధామయ్యకు మాత్రం చెమట పట్టింది. తూకంలో పేరు పోయినవాడి కొట్టు ముందు ఎవరూ బండి ఆపరు. ఆయన సేరు మైసూరుపాకు కట్టించుకుని ఇంటికి పరుగెత్తాడు.

"తిను!"

"మోకాళ్లు నాయి."

"మానం నాది!"

అప్పటికే వీధిలోని ఆడవాళ్లు తలా ఒక గిన్నెతో వచ్చేశారు. "ఒక్క బోళీ తినక్కా. నువ్వు ఎంత లావైతే స్వామికి అంత బెల్లం, మాకంత పుణ్యం" అంది పంకజాక్షి. సుబ్బులమ్మ ఆ బొబ్బట్టు మీద నెయ్యి పోసింది.

జ్ఞానాంబ గిన్నెలన్నీ పక్కకు నెట్టింది.

"ఇదో, సూడండి. నేను తగ్గకముందే తూచేయండి. ఈ పొద్దు నేను ఎంతుంటే అంత బెల్లం స్వామిది. ఆ తర్వాత తగ్గేది నాది."

మండీ నుంచి పెద్ద కాటా తెప్పించి దూలానికి వేలాడదీశారు. ఒక తట్టలో జ్ఞానాంబ కూర్చుంది. రెండో తట్టలో బెల్లం దిమ్మలు పేర్చగా పేర్చగా, కడకు ఆమె నేల వదిలింది. "ఒక్క పలుకు గూడా తరుగు లేదబ్బా!" అని కాటాతో పాటు వచ్చిన గురప్ప అందరి ముందూ ఒప్పుకున్నాడు. బెల్లాన్ని పసుపు గుడ్డల్లో మూటలు కట్టి, నామాలు పెట్టి, దేవుడి గదిలో ఉంచారు. పరంధామయ్య పేరు నిలబడింది. ఇక తన తిండి తనదేనని జ్ఞానాంబ ఊపిరి పీల్చుకుంది.

వెళ్తూ వెళ్తూ పంకజాక్షి గడప దగ్గర ఆగింది.

"అవ్వా, నాకొక అనుమానం. కొండకు పోయేలోపల అక్క ఇంకా లావైతే? ఆడ మళ్లీ తూసేటప్పుడు అందరి ముందరా అక్క కూర్చున్న తట్ట లేవకపోతే?"

"ఇంకొక దిమ్మ వేస్తే పోలా?" అంది జ్ఞానాంబ.

"ముడుపు కట్టినాక విప్పేదీ లేదు, కలిపేదీ లేదు" అంది సుబ్బులమ్మ.

పరంధామయ్య, భార్య చేతికి దగ్గరగా ఉన్న మైసూరుపాకును చప్పుడు చేయకుండా వెనక్కి లాక్కున్నాడు.

సాయంత్రం జ్ఞానాంబ డాక్టరు చెప్పినట్టే వీధి చివరిదాకా నడిచి, మంచి ఆకలితో వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అత్తా, ఒక చిన్న సంగటి ముద్ద."

"కొండకు పోయి వచ్చినాక సూద్దాం."

"పస్తులుండొద్దని డాక్టరే చెప్పినాడు కదత్తా!"

"ఆయనకేం, తట్టలో కూర్చునేది ఆయనా?" అంటూ, చేతిలో బోళీతోనే సుబ్బులమ్మ కోడలి ముఖం మీద తలుపు మూసేసింది. ఆవిడ బరువు మీద ఎవరికీ మొక్కు లేదు.